గోల్ చూడలే, లొల్లి ఇన్నం: సమ్మె కాలంల మ్యాచుకు పోయిన ముచ్చట

2019 నవంబర్ 2, శనివారం. రాత్రి తొమ్మిది దాటి ఐదు నిమిషాలు. గచ్చిబౌలి బాలయోగి స్టేడియంల హైదరాబాద్ ఎఫ్‌సీ, కేరళ బ్లాస్టర్స్ ఆడుతున్నయి. స్కోరు 1-1. మా పోచంపల్లి పోరగాళ్లు నలుగురు, నేను ఒకన్ని. మొత్తం ఐదుగురం సీట్లల్లకెల్లి లేసినం. ఎందుకు లేసినమంటే, ఇంక అర్ధగంట కూసుంటే ఊరికి పోయే దారి దొరుకదు. ఆర్టీసీ సమ్మె మొదలై అప్పటికి నాలుగు వారాలు దాటింది.

గేటు బయటికి వచ్చి రోడ్డు మీద పది అడుగులు వేసినమో లేదో, ఎనక నుంచి ఒక్కసారి మొత్తం స్టేడియం ఒర్రింది. ఆగినం. ఒకడు ఫోన్ల చూసిండు. 81వ నిమిషంల మార్సెలీనో ఫ్రీకిక్ కొట్టిండు, గోల్. హైదరాబాద్ 2-1. ఆ క్లబ్బు పుట్టినంక గెలిచిన మొట్టమొదటి మ్యాచ్ అది, సొంత గడ్డ మీద ఆడిన మొట్టమొదటి మ్యాచ్ కూడా అదే. 70 కిలోమీటర్లు పోయి మేం ఆ గోల్ చూడలే, లొల్లి ఇన్నం.

నలుగుర్ల ఒక పిలగాడు ఆర్టీసీ కండక్టర్ కొడుకు. వాడు ఏం మాట్లాడలే. రాత్రి డీసీఎం ఎనక కూసొని ఊరికి వచ్చేటప్పుడు మెల్లగ అన్నడు: "కాకా, మా నాయినోళ్ల వల్లనే గదా మనం గోల్ చూడకపోతిమి."

ఆ మాటకు అప్పుడు నేను సక్కగ జవాబు చెప్పలేకపోయిన. డీసీఎం సప్పుడు ఎక్కువుండె, నా దగ్గర మాట తక్కువుండె. మళ్ల సమ్మె అన్న మాట వచ్చినప్పుడల్లా నాకు ఆ పిలగాడే యాదికొస్తడు. మొన్న 2025 మే 7 నుంచి సమ్మె అని ఆర్టీసీ జేఏసీ అన్నప్పుడు గూడ యాదికొచ్చిండు. ఆ సమ్మె ఆఖరికి వాయిదా పడ్డది, కానీ ప్రశ్న వాయిదా పడలే. గందుకే ఇయ్యాల వివరంగ రాస్తున్న. సమ్మె కాలంల మ్యాచ్ చూసేటోనికి ఏం కష్టం వస్తది, అది ఎవరి వల్ల వస్తది, మనం ఎవరిని అడగాలె. మూడు ముచ్చట్లు.

ముందుగాల సమ్మె సంగతి

మీల కొందరికి అప్పుడు పదేండ్లు కూడా ఉండకపోవచ్చు. యాదికి తెస్త. 2019 అక్టోబర్ 5 నాడు తెలంగాణ ఆర్టీసీ కార్మికులు సమ్మెకు దిగిండ్రు. దాదాపు 48 వేల మంది. డిమాండ్లు 26. అందుల పెద్దది, ఆర్టీసీని ప్రభుత్వంల కలపాలె అన్నది. ఖాళీలు నింపాలె, జీతాలు సవరించాలె అన్నవి మిగిలినయి. సమ్మె 52 దినాలు నడిచింది, నవంబర్ 25 నాడు ఆగింది. సెప్టెంబర్‌ల పని చేసిన జీతం కూడా వాళ్లకు టైముకు పడలే. అంటే దసరా, దీపావళి రెండు పండుగలు చేతిల పైస లేకుంట గడిచినయి.

రాష్ట్రం మొత్తం ఆర్టీసీకి పదివేల పైచిలుకు బస్సులుండె. ఉన్న బస్సులల్ల కొన్నిటిని తాత్కాలిక డ్రైవర్లు, తాత్కాలిక కండక్టర్లతోని నడిపించిండ్రు. బస్సులు లేక బడి పిల్లలకు దసరా సెలవులు అక్టోబర్ 19 దాకా పొడిగించిండ్రు. అదే అక్టోబర్ 19 నాడు రాష్ట్ర బంద్. ఇగ మేం మ్యాచుకు పోయిన నవంబర్ 2 నాడే క్యాబినెట్ కూసొని 5,100 రూట్లు ప్రైవేటుకు ఇయ్యాలని నిర్ణయం తీసుకున్నది. నవంబర్ 5 అర్ధరాత్రిలోపట డ్యూటీల చేరాలని కార్మికులకు గడువు పెట్టింది. మేం స్టేడియంల కూసున్న రాత్రే ఆ పిలగాని తండ్రి ఇంట్ల కూసొని టీవీల ఆ గడువు మాట ఇన్నడన్నట్టు.

గీ సంగతి తెల్వకుంట "సమ్మె వల్ల మ్యాచ్ ఖరాబైంది" అని ఒక్క మాట అనుడు అల్కగనే ఉంటది.

పోవుడు ఒక లెక్క, వచ్చుడు ఇంకో లెక్క

పోచంపల్లికి రైలు లేదు. దగ్గరి స్టేషన్ బీబీనగర్. అది కాజీపేట లైను మీద ఉన్నది, మనకు గచ్చిబౌలి పట్నానికి ఆ కొసకు ఉన్నది. అందుకే మనూరోడు పట్నం పోవాలంటే బస్సే దిక్కు. బస్సు బంద్ అయితే సర్వీస్ ఆటో, జీపు, డీసీఎం, సోపతిగాని బండి.

ఆ దినం మేం ఎట్ల పోయినమో చెప్త. ఊర్ల నుంచి సర్వీస్ ఆటోల విజయవాడ హైవే దాకా. ఆడ ఒక జీపు దొరికింది, ఎల్బీ నగర్ దాకా. లోపట పద్నాలుగు మందిమి. మామూలు దినాల ఇచ్చే కిరాయికి రెండున్నర రెట్లు తీసుకున్నడు. అడిగితే "ఎక్కుతవా, దిగుతవా" అన్నడు. ఎక్కినం. ఎల్బీ నగర్ నుంచి మెట్రో. మెట్రోకు సమ్మె లేదు, కానీ బస్సుల మంది అంత మెట్రోల పడ్డరు. కాలు పెట్ట జాగ లేదు. అమీర్‌పేటల దిగి లైను మారి హైటెక్ సిటీ. అప్పటికి మెట్రో ఆడిదాకనే ఉండె. రాయదుర్గం స్టేషన్ ఇంక తెరవలే. హైటెక్ సిటీ నుంచి మళ్ల షేర్ ఆటో. మధ్యాహ్నం రెండింటికి ఇల్లిడిస్తే స్టేడియం చేరేసరికి ఆరున్నర.

అయినా పోయేటప్పుడు ఎవరికీ కష్టం అనిపియ్యలే. పొద్దు ఉంటది, ఉషారు ఉంటది, ఒక బండి పోతే ఇంకో బండి వస్తది. అసలు ముసళ్ల పండుగ వచ్చేటప్పుడు ఉంటది. ఎందుకంటే, పోయేటప్పుడు మంది తలా ఒక యాళ్లకు వస్తరు. ఒకడు నాలుగింటికి, ఒకడు ఆరింటికి. వచ్చేటప్పుడు వేల మంది ఒక్క విజిల్‌కు బయట పడ్తరు. అదే యాళ్లకు ఆటోలు తక్కువ, అడిగేటోళ్లు ఎక్కువ. పది రూపాయల దూరానికి వంద అడుగుతడు. క్యాబ్ ఫోన్ల చూస్తే రేటు రెండింతలు, మూడింతలు చూపిస్తది. మెట్రో రాత్రి పదకొండు దాటినంక బంద్ అయితది. ఒక్క బండి తప్పితే దాని ఎనక ఉన్న నాలుగు బండ్లు తప్పుతయి. గొలుసు లెక్క అది, ఒక్క కొండి ఊడితే మొత్తం ఊడ్తది.

గందుకే మ్యాచుకు పోయేటోడు ఎప్పుడైనా లెక్క ఎనక నుంచి కట్టాలె. "ఎన్నింటికి చేరాలె" అని కాదు, "ఆఖరి బండి ఎన్నింటికి" అని మొదలువెట్టాలె. మేం గట్లనే కట్టినం. ఎల్బీ నగర్‌ల పదకొండు లోపట ఉండాలె అనుకున్నం. దానికోసం హైటెక్ సిటీల పది లోపట. దానికోసం స్టేడియంల తొమ్మిదింటికి లేవాలె. లెక్క తప్పు గాలే. గోల్ తప్పింది.

సమ్మె లేకుంటే చూస్తుంటిమా?

ఇగ అసలు ముచ్చట. ఆ పిలగాని మాటకు జవాబు ఈడనే ఉన్నది.

మ్యాచ్ ఏడున్నరకు మొదలైంది. 45 నిమిషాలు, నడుమ 15 నిమిషాల విరామం, మళ్ల 45, పైన అదనపు నిమిషాలు. అయిపోయేసరికి తొమ్మిదిన్నర. బయటికి వచ్చి, ఆటో దొరికి, మెట్రో ఎక్కి, లైను మారి ఎల్బీ నగర్ చేరేసరికి పదకొండు. సమ్మె లేని దినమైనా పదకొండుకు మా ఊరికి బస్సు ఉంటుండెనా? ఉండకపోతుండె. మా దిక్కు ఊర్లకు రాత్రి ఆఖరి బస్సు అంతకు చాన ముందే ఎల్లిపోతది. సిటీల తొమ్మిదంటే సాయంత్రం, ఊర్ల తొమ్మిదంటే అర్ధరాత్రి అని మనోళ్లకు అలవాటు చేసిండ్రు.

అంటే సమ్మె ఉన్నా లేకున్నా ఊరోడు ఆ గోల్ చూడకపోతుండె. సమ్మె ఏం చేసిందంటే, ఎప్పటి నుంచో ఉన్న గుంతల నీళ్లు ఎండవెట్టి అడుగు చూపెట్టింది.

ఏడున్నర అని ఎవరు పెట్టిండ్రు? టీవీ పెట్టింది. మంది ఇంటికి వచ్చి, కాళ్లు చేతులు కడుక్కొని, టీవీ ముందు కూసునే యాళ్ల అది. ప్రకటనలకు రేటు ఎక్కువ పలికే యాళ్ల. లీగులకు పెద్ద ఆమ్దానీ టీవీ నుంచే వస్తది కాబట్టి టైము దానికి అనుకూలంగ పెడ్తరు. అండ్ల తప్పు లేదందాం. కానీ ఆ టైము పెట్టేటప్పుడు స్టేడియంల కూసునేటోడు యాడి నుంచి వస్తడు, ఎట్ల పోతడు అని ఎవరూ అడగలే. టికెట్ కొనేటప్పుడు వాడు ప్రేక్షకుడు. విజిల్ కొట్టినంక వాడు ఎవడికీ ఏం కాడు.

మరి రాత్రి బస్సు ఎందుకుండదు? ఒక బస్సు రాత్రి పదకొండున్నరకు పోవాలంటే డ్రైవర్ ఉండాలె, డీజిల్ ఉండాలె, ఎక్కేటోళ్లు ఉండాలె. ఎక్కేటోళ్లు పదిహేను మందే ఉంటే ఆ ట్రిప్పు నష్టం అని కాయితం మీద రాస్తరు. నష్టం వచ్చే ట్రిప్పులు ఒక్కొక్కటి తీస్తరు. తీసినంక మనం బండ్లు కొనుక్కుంటం, ఆటోలు ఎక్కుతం. అప్పుడు "జనం ఎక్కుత లేరు" అని ఇంకో ట్రిప్పు తీస్తరు. వెనకట మన ఊర్లల్ల నైట్ హాల్ట్ బస్సు ఉండేది. చీకటిపడ్డంక పట్నం నుంచి వచ్చి ఊర్ల పండుకొని, తెల్లారగట్ల మళ్ల పోయేది. డ్రైవర్ కండక్టర్లు పంచాయతీ ఆఫీసు అరుగు మీద దోమతెర కట్టుకొని పండుకునేటోళ్లు. ఎన్ని ఊర్లకు ఇప్పుడు ఆ బస్సు ఉన్నదో మీ ఊర్ల పెద్దమనుషులను అడగుండ్రి.

ఆ సమ్మె డిమాండ్లు ఒక్కసారి మళ్ల చూడుండ్రి. ఖాళీలు నింపుండ్రి, ఆర్టీసీని సర్కారు మీదికి తీసుకోండ్రి. అంటే ఏంది? బస్సును లాభం నష్టం కాయితంల నుంచి తీసి, బడి లెక్క, దవాఖాన లెక్క చూడుమని అడుగుడు. రాత్రి పదకొండుకు మా ఊరికి బస్సు రావాలంటే కావాల్సింది గదే. గోల్ చూడనియ్యలేదని ఆ పిలగాడు తండ్రిని అన్నడు. ఆ తండ్రి కొట్లాడుతున్నది మాత్రం వాడు గోల్ చూసి ఇంటికి వచ్చే బస్సు కోసమే.

సమ్మె అయినంక ఏమైంది? కార్మికులు నవంబర్ 29 నాడు డ్యూటీల చేరిండ్రు. డిసెంబర్ మొదటి వారంల చార్జీ కిలోమీటరుకు 20 పైసలు పెరిగింది. ఇంకో చిత్రం సూడుండ్రి. అదే నవంబర్ 29 నాడు రాయదుర్గం మెట్రో స్టేషన్ తెరిచిండ్రు. అదే రాత్రి గచ్చిబౌలిల హైదరాబాద్‌కు బెంగళూరుతోని మ్యాచ్. రెండో నిమిషంలనే సునీల్ ఛెత్రి గోల్ కొట్టిండు, ఆఖరికి అదనపు టైముల రాబిన్ సింగ్ సమానం చేసిండు, 1-1. మళ్ల ఆఖరి నిమిషం గోలే. ఆర్టీసీ నడుస్తున్నది, మెట్రో ఒక స్టేషన్ దగ్గరికి వచ్చింది. మా పోరగాళ్లు పోయిండ్రా? పోలే. ఎందుకు? శుక్రవారం, తొమ్మిదిన్నరకు అయిపోతది, రాత్రికి ఊరికి బస్సు లేదు. చెప్పిన గదా, సమ్మె ఒక్కటే కారణం కాదు.

ఇది మన ఒక్క ఊరి కథ కాదు

మన దేశంల రైలు సమ్మె అంటే ముసలోళ్లకే యాదికుంటది. 1974 మేల జార్జ్ ఫెర్నాండెజ్ నాయకత్వంల దాదాపు 17 లక్షల మంది రైల్వే కార్మికులు 20 దినాలు పని బంద్ పెట్టిండ్రు. అంత పెద్ద రైలు సమ్మె మళ్ల జరగలే. మనకు సమ్మె అంటే బస్సు. 2011ల సకల జనుల సమ్మె 42 దినాలు నడిచింది. అండ్ల బస్సులు ఆగినయి, రైల్ రోకోలు అయినయి. అవే దినాలల్ల, అక్టోబర్ 14 నాడు ఉప్పల్‌ల ఇండియా ఇంగ్లాండ్ వన్డే జరిగింది. ఆట ఆగలే. పట్నంల ఉన్నోడు చూసిండు, ఊర్ల ఉన్నోడు టీవీల చూసిండు. అప్పుడు మనం తెలంగాణ కోసం కొట్లాడుతున్నం కాబట్టి ఎవడూ ఆర్టీసోళ్లను తిట్టలే. అదే ఆర్టీసోళ్లు ఎనిమిదేండ్లకు వాళ్ల కోసం కొట్లాడితే తిట్టిండ్రు. జర సోంచాయించుండ్రి.

ఇంగ్లాండుల రైలే మ్యాచుకు బస్సు లెక్క. మాంచెస్టరోడు లండన్‌ల ఆట ఉంటే పొద్దున పోయి రాత్రికి ఇంటికి వస్తడు. 2022, 2023ల ఆడ రైలు కార్మికులు జీతాల కోసం చాన సార్లు సమ్మె చేసిండ్రు. 2022 సెప్టెంబర్ 17 నాడు బ్రైటన్, క్రిస్టల్ ప్యాలెస్ మ్యాచ్ ఉండె. ఆ దినం రైలు సమ్మె పడ్తదని తెలిసి మ్యాచునే వాయిదా వేసిండ్రు. తర్వాత రాణి చనిపోయిందని యూనియన్లు సమ్మె ఆపుకున్నయి. కానీ మ్యాచ్ ఆ దినం జరగలే, మళ్ల 2023 మార్చిల ఆడిండ్రు. ఇంకోసారి, 2023 జూన్ 3 నాడు ఎఫ్ఏ కప్ ఫైనల్. మాంచెస్టర్ సిటీ, మాంచెస్టర్ యునైటెడ్. రెండు జట్ల మంది మాంచెస్టర్ నుంచి లండన్ పోవాలె, 300 కిలోమీటర్ల పైన. అదే దినం రైలు డ్రైవర్ల సమ్మె. మంది బస్సులు, కార్లు కట్టుకొని పోయిండ్రు. మ్యాచ్ మాత్రం మధ్యాహ్నం మూడింటికి పెట్టిండ్రు.

ఆడంత సక్కగ ఉన్నదని చెప్తలేను. ఆడ కూడా టీవీ టైములే, ఆడ కూడా అభిమాని కష్టం ఆఖరిదే. కానీ ఒక్క తేడా చూడుండ్రి. "మంది ఎట్ల వస్తరు, ఎట్ల పోతరు" అన్న ప్రశ్న మ్యాచ్ పెట్టాలా వద్దా అన్న కాడ అడిగిండ్రు. మన తాన ఆ ప్రశ్న గేటు బయట నిలబడ్డ ఆటో దగ్గర అడుగుతం.

అడగాల్సినోళ్లను అడుగుదాం

"సమ్మె ఉత్తగ ఎప్పుడు పడ్తదో ఎవనికి తెలుసు" అంటరు. తప్పు. 2025 దాకా అమలుల ఉన్న 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంల ఏముండెనంటే, ప్రజలకు అవసరమైన సేవలల్ల పని చేసేటోళ్లు నోటీసు ఇయ్యకుంట సమ్మె చేయొద్దు, నోటీసు ఇచ్చినంక 14 దినాల లోపట చేయొద్దు. 2019ల గూడ నోటీసులు సెప్టెంబర్‌లనే ఇచ్చిండ్రు. మ్యాచ్ నాటికి సమ్మె నడవబట్టి నాలుగు వారాలు. అంటే మ్యాచ్ పెట్టేటోళ్లకు, పోలీసులకు, సర్కారుకు ముందే తెలుసు. తెలిసినంక ఏం చేయొచ్చు?

ఒకటి, మ్యాచ్ సాయంత్రం అయిదింటికి పెట్టొచ్చు. ఏడింటికి అయిపోతది, ఊరోడు తొమ్మిదింటికి ఇంట్ల ఉంటడు.

రెండు, స్టేడియం నుంచి మెట్రో దాకా అయినా బండ్లు పెట్టొచ్చు. అండ్ల సమ్మె విరిచేది ఏం లేదు, స్టేడియానికి వచ్చిన మందిని స్టేషన్ కాడ దించుడే.

మూడు, సమ్మె దినం రాలేకపోయినోనికి టికెట్ పైసలు వాపస్ ఇయ్యొచ్చు. లేకుంటే వచ్చే మ్యాచుకు ఆ టికెట్ నడుస్తది అనొచ్చు.

నాలుగు, ఆట రాత్రి ఆఖరి మెట్రో ఎన్నింటికో మైకుల చెప్పొచ్చు. చిన్న ముచ్చటే, కానీ మాలాంటోళ్లకు పదకొండు నిమిషాల ఆట మిగిలేది.

అయిదు, సమ్మె లేని దినాల కోసం అడగాల్సింది. పెద్ద మ్యాచ్ ఉన్న రాత్రి పట్నం చుట్టు మండలాలకు ఒక్కో ఆఖరి బస్సు. చౌటుప్పల్ దిక్కు ఒకటి, భువనగిరి దిక్కు ఒకటి, ఇబ్రహీంపట్నం దిక్కు ఒకటి, షాద్‌నగర్ దిక్కు ఒకటి. ఘట్‌కేసర్ నుంచి యాదాద్రి దాకా ఎంఎంటీఎస్ పొడిగిస్తమన్న మాట ఏండ్ల నుంచి ఇంటున్నం. అది కూడా ఇండ్లకే వస్తది.

ఆడపిల్లల సంగతి ఇంకా వేరే చెప్పాలె. 2023 డిసెంబర్ నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులల్ల ఆడోళ్లకు టికెట్ లేదు. మంచిదే. కానీ రాత్రి బస్సే లేనప్పుడు ఉత్త టికెట్ ఏం చేసుకోవాలె? నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోతు సౌమ్య ఇండియా జట్టుకు ఆడుతున్నది. ఆమెను చూసి బంతి పట్టిన ఆడపిల్ల మా బడి గ్రౌండుల గూడ ఉన్నది. ఆ పిల్ల ఒక్క పెద్ద మ్యాచ్ గ్యాలరీల కూసొని చూడాలంటే ఇంట్లోళ్లు మొదలు అడిగే మాట "రాత్రి ఎట్ల వస్తవు బిడ్డా" అని. ఆ ప్రశ్నకు జవాబు ఆ పిల్ల తాన లేదు, సర్కారు తాన ఉన్నది.

పోరగాళ్లకు నాలుగు మాటలు

సమ్మె ఉన్నా లేకున్నా దూరం మ్యాచుకు పోతే ఇవి గుర్తుంచుకోండ్రి. నేను పడి నేర్చుకున్నవి.

టికెట్ కొనే ముందు వచ్చే దారి తేల్చుకోండ్రి. రాత్రికి పట్నంల పండుకోను ఒక సుట్టపోళ్ల ఇల్లు చూసుకుంటే అన్నిటికన్న మంచిది. మేం ఆ పని చేసి ఉంటే గోల్ చూస్తుంటిమి. కానీ ఐదుగురిని ఒక్క గది ఇంట్ల పండవెట్టుమని ఎవరిని అడుగుతం అని మొకమాటపడ్డం.

అందరు కలిసి పైసలు ఒక్కని తాన పెట్టుండ్రి, కిరాయి ఒక్కడే మాట్లాడాలె. నలుగురు నాలుగు దిక్కుల మాట్లాడితే రేటు పెరుగుతది.

ఫోన్ చార్జింగ్ వీడియోలకు ఖర్చు చేయకుండ్రి. మా దగ్గర ఆ రాత్రి ఐదు ఫోన్లల్ల ఒక్కటే బతికి ఉండె.

జీపు టాపు మీద, డీసీఎం డోరుకు ఏలాడుకుంట రావద్దు. సమ్మె దినాలల్ల ఉన్న ఒక్క బండికి అందరు ఎగబడ్తరు. మ్యాచ్ మళ్ల ఉంటది.

ఇగ సమ్మె దినం తాత్కాలిక స్టాఫు నడిపే బస్సు వస్తే ఎక్కాల్నా వద్దా? ఇది మా ఐదుగుర్ల గూడ తేలలే. మా ముందు ఒక బస్సు ఆగింది. కండక్టర్ కొడుకు ఎక్కను అన్నడు. మిగిలిన ముగ్గురు వాని మొకం చూసి ఆగిండ్రు. నేను కార్మికుల దీక్ష టెంటుల కూసొచ్చినోన్ని, నాకు ఎక్క బుద్ధి గాలే. కానీ దవాఖానకు పోయే ముసలమ్మ ఆ బస్సే ఎక్కింది. ఆమెను నేను తప్పు పట్ట. అవసరం ఎంతదో ఎవరికి వాళ్లే తూకం వేసుకోవాలె. మ్యాచ్ అంత అవసరం కాదని మేం అనుకున్నం, జీపు ఎక్కినం. మీరు వేరే తీరుగ అనుకుంటే అనుకోండ్రి, కానీ అనుకోకుంట మాత్రం ఎక్కకుండ్రి.

ఆట ఎవరిది

హైదరాబాద్‌కు ఫుట్‌బాల్ కొత్త కాదు. హైదరాబాద్ సిటీ పోలీస్ టీం 1950 నుంచి 1954 దాకా వరుసగ అయిదేండ్లు రోవర్స్ కప్ కొట్టింది. మన సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ కోచ్‌గ ఉన్నప్పుడు ఇండియా 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌ల నాలుగో స్థానంల నిలిచింది, 1962 జకార్తా ఏషియాడ్‌ల బంగారం తెచ్చింది. ఆ టీంల తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ బీద ఇంటి పిలగాడు. ఆట బస్తీల పుట్టింది, బస్తీ మందే చూసిండ్రు.

2019ల వచ్చిన క్లబ్బు పుణె క్లబ్బు మూతపడితే దాని జాగల వచ్చింది. కరోనా వల్ల రెండు సీజన్లు మొత్తం గోవాలనే ఆడింది. 2022 మార్చిల అదే కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలల్ల ఓడగొట్టి కప్ తెచ్చింది, అది గూడ గోవాలనే. ఇగ 2025ల ఆ క్లబ్బు ఢిల్లీకి పోయింది, పేరు గూడ మారింది. పుణె పోరగాళ్లకు ఒకనాడు ఏమైందో మనకు గదే అయింది. క్లబ్బు అమ్ముడుపోతది, టైము అమ్ముడుపోతది. మంది మాత్రం ఉన్న ఊర్లనే ఉంటరు, బస్సు కోసం చూసుకుంట.

ఆ పిలగాడు ఇప్పుడు పెద్దోడైండు. పొద్దున మగ్గం పని, సాయంత్రం బడి గ్రౌండుల చిన్న పోరగాళ్లకు బంతి నేర్పుతడు. తండ్రి ఇంకా డ్యూటీలనే ఉన్నడు. మొన్న సమ్మె మాట వచ్చినప్పుడు వాన్ని అడిగిన, "ఈసారి మ్యాచ్ ఉంటే ఎట్లరా?" అని.

"ఈసారి ముందే మా మేనత్త ఇంట్ల జాగ చెప్పి పెడ్త కాకా" అన్నడు. జరసేపాగి, "నాయినను గూడ తీస్కపోత. ఆయన డ్యూటీల ఉన్నన్ని దినాలు స్టేడియం ముందట నుంచి మందిని దించిపోవుడే గని, లోపట అడుగు పెట్టలే" అన్నడు.

డీసీఎంల నేను చెప్పలేకపోయిన జవాబు గది. వాడే ఎతుక్కున్నడు.